పెనం మీద రాయి

ఇనుము నీళ్ళలో మునుగుతుందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఇనుముతో చేసిన ఓడ మాత్రం తేలుతుందని నాకొక్కడికే తెలుసు. ఆ వారమే బళ్ళో అయ్యవారు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. కొత్త తెలివి కొత్త చెప్పుల్లాంటిది. నాలుగిళ్ళు తిరిగి చూపించేదాకా కాలు నిలవదు. ఆ తెలివితో నేను మా ఇంటికి చేసిన మేలు ఏమిటంటే, తుంగభద్ర వరద మాకు వదిలిపెట్టిన ఒకే ఒక్క విలువైన వస్తువును నా చేతులతో నేనే వరదకు సాగనంపాను. ఏరు మా కొంప ముంచిందని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. ఏటి మీద పూర్తిగా నేరం మోపడం అన్యాయం. ముంచే పని అది చేసింది, పంపించే పని నేను చేశాను.

ఆ వస్తువు బెల్లం పెనం.

మాది కంప్లి నుంచి ఏటి వెంబడి దిగువకు పోతే తగిలే చిన్న ఊరు. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చే బస్సు మా ఊరి మలుపు దాకా వచ్చి, లోపలికి రావడం తన స్థాయికి తగదన్నట్టు వెనక్కి తిరిగేది. కాలవ వైపు వరి, ఏటి వైపు చెరకు. చెరకు చేను చివర మా గానుగ షెడ్డు. నాలుగు గుంజల మీద రేకులు, గానుగ ఆడించే ఇంజను, మట్టితో కట్టిన పెద్ద పొయ్యి, దాని మీద కూర్చునే పెనం. ఎండాకాలం మధ్యాహ్నాల్లో పొయ్యి చల్లారి ఉన్నప్పుడు మా నాయనా నేనూ ఆ పెనంలో పడుకునేవాళ్ళం. మా ఇద్దరికీ పోగా ఇంకో మనిషికి చోటుండేది. అంచుకు ఇనుప కడియాలు ఉండేవి, వాటిలో గెడలు దూర్చి నలుగురు మోస్తే తప్ప కదిలేది కాదు.

అది మా అవ్వ సారె. మా నాయనను కన్న తల్లి ఆమె. మిగతా ఆడపిల్లలు పుట్టింటి నుంచి ఇత్తడి బిందెలు, మంచం, పరుపు తెచ్చుకుంటే, అవ్వ ఎద్దులబండి మీద బెల్లం పెనం తెచ్చుకుంది. బిందెలు సొట్టలు పోతాయి, పరుపులో నల్లులు పడతాయి, పెనం మాత్రం నా తర్వాత కూడా ఉంటుంది అనేది. గానుగ నడవని కాలంలో దానికి నూనె పూసి బోర్లించి పెట్టేది. మా అందరి తలలకూ కలిపి అంత నూనె ఎప్పుడూ పెట్టలేదు.

ఆ ఏడు దసరా ఇంకా రాలేదు. చెరకు నా తల మించి పెరిగింది. నాయన పెనాన్ని వెల్లకిలా తిప్పి ఇసకతో తోముతున్నాడు. పైన ఎక్కడో కొండల్లో కురిసిన వానకు డ్యాం నిండింది. గేట్లన్నీ ఎత్తేశారని ఆటోకు మైకు కట్టుకుని చెప్పుకుంటూ పోయారు. ఆటో మలుపు తిరిగేలోగా నీళ్ళు మలుపు తిరిగాయి.

ముందు ఇళ్ళలోకి వచ్చాయి. అమ్మ మా చెల్లెల్ని చంకనేసుకుని, మిట్ట మీదున్న బడికి ఊరి జనంతో పాటు పోయింది. నాయన, అవ్వ, నేను గానుగ దగ్గరికి పరుగెత్తాం. ఎద్దులు అక్కడే కట్టేసి ఉన్నాయి. నాయన ఎద్దుల్ని విప్పి మిట్టకు తోలుకుపోతూ, వచ్చేదాకా పొయ్యి గోడ మీద నుంచి దిగొద్దని మాకు చెప్పాడు. మేము గోడ మీద కూర్చున్నాం. నీళ్ళు చెరకులోంచి సరసరమని వచ్చాయి, ఎవరో చేనంతా ఒక్కసారిగా కోస్తున్నట్టు.

అప్పుడు పెనం కదిలింది. నలుగురు మోస్తే గానీ లేవని పెనం ఎవరూ ముట్టకుండానే లేచి నిలబడింది.

"అవ్వా, పెనం తేలుతాండాది సూడు!"

"ఇనుమురా అది. ఇనుము తేలేదేంది?"

"ఓడ తేలదా? ఓడ కూడా ఇనుమే. అయ్యవారు చెప్పినాడు."

"మీ అయ్యవారు ఓడ యాడ చూసినాడు? ఆయప్పకు సైకిలే లేదు."

కానీ కళ్ళ ముందు తేలుతూ ఉంటే ఏమంటుంది? పైగా అవ్వ బడి మొహం చూడలేదు కాబట్టి బడి మీద ఆమెకు గౌరవం. రోజూ చూసేవాణ్ణి కాబట్టి నాకంత ఉండేది కాదు. ఆ ఒక్క రోజు మాత్రం ఇద్దరం బడిని నమ్మాం. గానుగలో ఉన్న సామానంతా పెనంలోకి ఎక్కించాం: బెల్లం పోసే కొయ్య అచ్చులు, మడ్డి తీసే జల్లిగరిటె, గంప కింద మూసిపెట్టిన రెండు కోళ్ళు. నాయన వచ్చాక ముగ్గురం లాగి మిట్టకు చేర్చాలని అవ్వ ఉపాయం. అంతదాకా కొట్టుకుపోకుండా, కడియానికి కట్టిన తాడు కొసను నా చేతికిచ్చి గుంజకు గట్టిగా కట్టమంది.

కట్టాను. నాకు తెలిసిన ముడి ఒక్కటే. పొద్దున లేస్తే నిక్కరుకు వేసుకునే ముడి. రెండు చెవులు, రెండు కొసలు. చూడ్డానికి పువ్వులా ఉంటుంది. అవసరమైనప్పుడు ఒక్క లాగుడుకు విడిపోవడమే దాని గొప్పతనం.

ముడి వేసినవాణ్ణి గోడ మీద కూర్చోక, ఓడ నడిపేవాడు ఓడలో ఉండాలి కదా అని పెనంలోకి దూకాను. దూకగానే అది తిరగడం మొదలుపెట్టింది. మా ఏట్లో పుట్టి నడిపేవాళ్ళు గుండ్రటి పుట్టిని తెడ్డుతో ఎలా అదుపులో పెడతారో రోజూ చూసేవాణ్ణే. నా చేతిలో జల్లిగరిటె ఉంది. దానికున్న బొక్కల్లోంచి తుంగభద్ర మొత్తం కారిపోయింది. చేను తిరిగింది, షెడ్డు తిరిగింది, అవ్వ తిరిగింది, నా కడుపులోని రాగి సంగటి కూడా తిరిగి బయటికొచ్చింది. అవ్వ నడుము లోతు నీళ్ళలోకి దిగి, నా జుట్టు పట్టి ఈడ్చి, గోడ మీదికి విసిరింది. పడేటప్పుడు ఏదో ఒకటి పట్టుకోవాలని పట్టుకున్నాను. తాడు కొస దొరికింది. లాగాను.

పువ్వు విచ్చుకుంది.

పెనం తొందరపడలేదు. ఒక చుట్టు తిరిగి, చెరకు సాళ్ళ మధ్యగా, బండి బాటలో బండిలాగా పద్ధతిగా బయల్దేరింది. కోళ్ళు గంపలోంచి బయటపడి అంచు మీద నిలబడ్డాయి. అత్తవారింటికి పోతున్న పెళ్ళికూతుళ్ళలా మా వైపు చూస్తూ పోయాయి.

నాయన వచ్చి పెనం లేని చోటును చూశాడు, గుంజను చూశాడు.

"ఏం ముడిరా వేసింది?"

"నిక్కరు ముడి."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే ఇంకే తెలివి బయటపడుతుందోనని భయపడి ఉంటాడు.

వరద వస్తే బడి ఉండదని అంతకుముందు నేను లోలోపల ముచ్చటపడిన మాట నిజం. వచ్చింది. వచ్చి, మా ఊరందర్నీ తీసుకుపోయి ఆ బళ్ళోనే పడేసింది. సెలవు అడిగితే కాపురం పెట్టించింది. మా ఇంటికి దొరికిన చోటు సరిగ్గా నా తరగతి గదిలో, బోర్డు కింద. బోర్డు మీద అయ్యవారు గీసిన ఓడ ఇంకా చెరపలేదు. పొగగొట్టంలోంచి పొగ కూడా వస్తోంది. అవ్వ గోడకు ఆనుకుని దాన్నే చూస్తూ కూర్చునేది. అయ్యవారు వరద జనానికని బళ్ళో పెట్టిన గంజి కేంద్రానికి పెద్దగా అటూ ఇటూ తిరుగుతుంటే, "ఏమప్పా, దీంట్లో కోళ్ళు ఎక్కించితే యాడికి పోతుంది?" అని అడిగేది. పాపం, ఆయనకు ప్రశ్న అర్థమయ్యేది కాదు.

నీళ్ళు తీశాయి. మా ఇంటి ముందు గోడ కూలింది, నడిమి గోడ నిలిచింది. చెరకు మొత్తం ఒకే వైపుకు తల వాల్చి, బురద పూసుకుని పడుకుంది. నీళ్ళలో నానిన చెరకు ఆగదు. రోజు గడిచేకొద్దీ రసం పులుస్తుంది, తీపి చస్తుంది. బురద చెరకును ఫ్యాక్టరీ వాళ్ళు లారీ దింపకుండానే వెనక్కి పంపుతున్నారు. వెంటనే గానుగ ఆడించి బెల్లం వండితే ఆ ఏడు గడుస్తుంది. లేకపోతే చేనంతా ఎరువు. వండాలంటే పెనం కావాలి. చుట్టుపక్కల గానుగల వాళ్ళకు ఎవరి చెరకు వాళ్ళకు నెత్తి మీద ఉంది, అడిగే ముఖం లేదు.

అంతలో బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. దిగువ ఊరి దగ్గర తుమ్మచెట్లలో ఒక పెద్ద పెనం చిక్కుకుందట. ఆ ఊరి పెద్ద రైతు దాని మీద రాయి పెట్టాడట.

రాయి అంటే ఏమిటో చెప్పాలి. మా ఏటి గట్టు ఊళ్ళన్నిటిలో ఒక కట్టుబాటు. వరద తీసిన తర్వాత జనం గట్టు వెంబడి నడుస్తారు. మొద్దులు, తలుపులు, గుమ్మడికాయలు, ప్లాస్టిక్ బిందెలు, ఏది దొరికితే అది పైకి లాగి, దాని మీద ఒక రాయి పెట్టి, బండి తేవడానికి ఇంటికి పోతారు. రాయి పెట్టిన వస్తువును ఇంకెవరూ ముట్టరు. పెట్టినవాడు వచ్చి తీసేదాకా అది అక్కడే ఉంటుంది. ఎంత దొంగైనా ఆ రాయిని కదపడు. మేము పిల్లలం జామకాయల మీద గులకరాళ్ళు పెట్టుకునేవాళ్ళం, బెంచీలో కిటికీ పక్క చోటు మీద పెట్టుకునేవాళ్ళం. గొడవలుండేవి కావు.

అవ్వ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. నాయన వస్తానంటే వద్దంది. "నువ్వు మంచోడివి, ఆడికి పోతే మజ్జిగ తాగి వస్తావు. ముడి వేసినోడు వీడు, వీణ్ణి రానీ," అంది.

పెద్ద రైతు ఇల్లు మిట్ట మీద. వరద ఆయన వాకిలి దాకా వచ్చి పలకరించి పోయినట్టుంది, అంతే. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చుట్టూ నలుగురైదుగురు మనుషులు. పెనం అరుగు ముందే ఉంది. అందులో రాయి ఉంది. ఇంటికి చేరిన తర్వాత కూడా రాయి తీయలేదంటే, ఎవరో ఒకరు వస్తారని ఆయనకు తెలుసన్నమాట.

"ఏమప్పా, మా పెనం మీ ఇంటికొచ్చిందంట," అంది అవ్వ.

"రా పెద్దమ్మా, కూర్చో. మీ పెనం యాడుంది? ఇది ఏటి పెనం."

"ఏరు బెల్లం వండుతుందా?"

"ఏం వండుతుందో ఏటినే అడుగు పెద్దమ్మా. నదిచ్చింది నాది. నీ కాలం నుంచి ఇదే కదా లెక్క."

"ఆ లెక్క మొద్దులకు, గుమ్మడికాయలకు. నా పుట్టింటి సారెకు కాదు. ఆ కడియం వంకరగా ఉండాది సూడు. బండి మీంచి దింపేటప్పుడు వంగింది. పెళ్ళికూతురుగా నేను ఆ పక్కనే నిలబడి ఉండా."

చుట్టూ ఉన్నవాళ్ళు కడియం వైపు చూశారు. నిజంగానే వంకరగా ఉంది. నాకు గుండె నిండింది. పెద్ద రైతు మాత్రం తొణకలేదు.

"సరే పెద్దమ్మా, నీదే అనుకుందాం. ఒక మాట అడుగుతా, చెప్పు. మీ ఇంటి నడిమి గోడ మీద దూలం యాడనుంచి వచ్చింది?"

అవ్వ కొంగు సర్దుకుంది.

ఆ దూలం సంగతి నాకు తెలుసు, ఊరికంతా తెలుసు. నేను పుట్టకముందు వచ్చిన ఒక వరదలో అది కొట్టుకొచ్చింది. టేకు దూలం, దానికి రెండు వైపులా చిలకలు చెక్కి ఉంటాయి. మా తాత రాయి పెట్టాడు, అవ్వ కాపలా కూర్చుంది. మా ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆ చిలకలు చూపించి కాఫీ ఇచ్చేవాళ్ళం. ఎవరి ఇంటి చిలకలో అవి. వాళ్ళు వెతుక్కుంటూ వస్తే ఏం చెప్పాలన్నది మాకెప్పుడూ తట్టలేదు.

"చిలకలు చెక్కించుకున్నోళ్ళు వచ్చి అడిగితే దూలం పీకి ఇస్తావా?" అన్నాడు పెద్ద రైతు. గొంతులో వెటకారం లేదు. అదే కష్టం. తర్వాత నా వైపు తిరిగాడు, అప్పుడొచ్చింది వెటకారం. కండక్టరు కబురు తేవడమే కాదు, తీసుకుపోయాడు కూడా. "ఏమప్పా ఓడ నాయకా, నిక్కరు గట్టిగా కట్టుకున్నావా? జారి ఏట్లో పడితే దాని మీద కూడా రాయి పెడతా."

అరుగంతా నవ్వింది. నేను రెండు చేతులతో నిక్కరు పట్టుకున్నాను. అది చూసి ఇంకా నవ్వారు.

అవ్వ నవ్వులు ఆగేదాకా నిలబడింది. తర్వాత అడిగింది, "పెనంలో రెండు కోళ్ళు ఉండె. వాటి మీద కూడా రాయి పెట్టినావా అప్పా?"

పెద్ద రైతు చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

"అర్థమాయె," అంది అవ్వ. "సూడప్పా. రాయి నీది, నేను ముట్టను. కట్టుబాటు నాకూ కట్టుబాటే. నోరు మూయించినావు, బాగానే మూయించినావు. కానీ చెరకు నాది. నీ రాయి దాని మీద లేదు. పెనం లేకపోతే బెల్లం ఉడకదనుకున్నావేమో, వండి పంపిస్తా, తిను."

అవ్వ నన్ను తిరుగు బస్సెక్కించింది. ఊరి మలుపు దగ్గర దిగాక నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, "ఏడిస్తే ఇంకోటి వేస్తా. నడువు, గుండిగలు అడగల్ల," అంది.

ఆ సాయంత్రం మేము ఇల్లిల్లూ తిరిగాం. పెళ్ళిళ్ళలో అన్నం వండే గుండిగలు, నీళ్ళు కాచే రాగి హండెలు, అన్నీ బురద కొట్టుకుని ఉన్నాయి. ఎవరూ లేదనలేదు. గంజి కేంద్రానికి తెచ్చిన పెద్ద అండాను అయ్యవారు తానే దొర్లించుకుంటూ తెచ్చి ఇచ్చారు. ఓడ సంగతి ఎవరో ఆయనకు వివరంగా చెప్పి ఉంటారు. నాయన షెడ్డు ముందు పొడుగ్గా కాలవలాంటి పొయ్యి తవ్వాడు. దాని మీద గుండిగలన్నీ వరసగా కూర్చున్నాయి, పెళ్ళి పంక్తిలో చుట్టాల్లాగా, ఒకటి పొట్టి, ఒకటి లావు, ఒకటి వంకర. పొయ్యిలోకి వేసే చెరకు పిప్పి తడిసి పొగ తప్ప మంట ఇవ్వలేదు. కూలిన మా పంచపాళి వాసాలే నరికి మంటలో పెట్టారు. ఇల్లు కాల్చి బెల్లం వండుతున్నామని అమ్మ కళ్ళు తుడుచుకుంది. పొగకేనంది.

చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఒక ముసలాయన చెరకు ముక్క నమిలి ఉమ్మి, "దీనికి పాకం రాదు, ఇడిసిపెట్టు అక్కా," అన్నాడు.

"రాకుండా యాడికి పోతుంది? అదేమన్నా మా మనవడు కట్టిన పెనమా?" అంది అవ్వ.

గుండిగకు ఒక మనిషి చొప్పున నిలబడి కలబెట్టారు. లోతు పాత్రల్లో పాకం అడుగంటుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. పెనంలో ఒక్కడు చేసే పనికి ఊరంతా చేతులు కాల్చుకుంది. సున్నం వేశారు, మడ్డి తీశారు, మళ్ళీ వేశారు. అచ్చులు ఏటి పాలయ్యాయి కాబట్టి గట్టిపడేదాన్ని స్టీలు గ్లాసుల్లో, కొబ్బరి చిప్పల్లో, టిఫిను డబ్బా మూతల్లో పోశాం. పుట్టింది బెల్లమే. నల్లగా, కాస్త ఉప్పగా, నమిలితే ఇసక కరకరలాడుతూ ఉండేది. కంప్లి వ్యాపారి దాన్ని నాలుక మీద పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, పశువుల దాణాకని తీసుకున్నాడు. మేము మనుషుల దాణాకు కొంత ఉంచుకున్నాం. ఆ ఏడు గడిచింది.

గ్లాసు ఆకారంలో ఉన్న ఒక బెల్లం దిమ్మను అవ్వ కండక్టరు చేతికిచ్చి దిగువ ఊరికి పంపింది. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది: బెల్లం బాగుంది గానీ ఇసక ఎక్కువైందన్నాడట.

"ఇసక ఏటిదని చెప్పప్పా," అంది అవ్వ. "ఏటిదంతా ఆయనదే కదా. తిననీ."

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. నన్ను ఊళ్ళో ఓడ నాయకుడనే వాళ్ళు, క్లుప్తంగా ఓడ అనే వాళ్ళు. పరీక్ష తప్పినప్పుడు ఓడావా అనేవాళ్ళు. పెళ్ళిలో నేను మూడుముళ్ళు వేస్తుంటే మా మేనమామ వెనక నుంచి, "ఒరే, ఆ ముడి కాదురా!" అని అరిచాడు. సండూరులో లారీల ఆఫీసులో గుమాస్తాగా చేరాను. గనుల ఎర్రదుమ్ములో కూర్చుని ఇనుప ఖనిజం ఎన్ని లారీలు పోయిందో రాసుకోవడం నా పని. ఇనుము నన్ను వదల్లేదు, చూడండి.

సెలవులకు ఊరికి పోయేటప్పుడు అప్పుడప్పుడూ దిగువ ఊరి మీదుగా పోయేవాణ్ణి. కొన్నాళ్ళు పెద్ద రైతు ఆ పెనంలో బెల్లం వండాడు. తర్వాత చెరకు మానేసి వరి వేశాడు. పెనం గేటు లోపల కుడితి తొట్టి అయింది. మా అవ్వ సారెలో ఆయన బర్రెలు మూతి పెట్టి తాగేవి. ఈ సంగతి అవ్వకు నేను చెప్పలేదు. ఎవరో చెప్పేశారు. "బర్రెలకేం తెలుసు పాపం, అవి తాగనీ," అంది.

ఈమధ్య మళ్ళీ గేట్లెత్తారు. మళ్ళీ ఊళ్ళు మునిగాయి. మా ఆఫీసు వాళ్ళు పశువులకు గడ్డి పంపిస్తూ, ఆ దారి తెలిసినవాడు కావాలని నన్ను లారీతో పంపారు. దిగువ ఊళ్ళోకి వచ్చేసరికి నీళ్ళు పూర్తిగా తీశాయి. ఈసారి ఏరు పెద్ద రైతు వాకిలి దగ్గర ఆగకుండా లోపలికే పోయి, కూర్చుని, తీరిగ్గా లేచి పోయింది. పోతూ పోతూ కుడితి తొట్టిని వెంటబెట్టుకుని గేటు దాటించి, ఇంటి ముందు బాట మీద, సరిగ్గా గేటుకు అడ్డంగా దించి పోయింది. పెనం నిండా ఒండ్రు. వంకర కడియం పైకే ఉంది.

దాని మీద రాయి లేదు. ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పెట్టలేదు.

లారీ ఆపించి దిగాను. గట్టున ఒక బండరాయి కనబడింది. పగ తీర్చుకునేవాడికి తగిన రాయి. ఎత్తబోతే నడుము పట్టేసింది. దాన్ని వదిలేసి మధ్యరకం రాయి ఒకటి ఎత్తుకొచ్చి పెనంలో ఒండ్రు మీద పెట్టాను. భుజాన ఉన్న తువ్వాలు తీసి వంకర కడియానికి కట్టాను. రెండు చెవులు, రెండు కొసలు.

లోపలి నుంచి ఆయన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "ఏందన్నా అది? తమాషా చేస్తాండావా? పెనం ఎత్తి పక్కన వేస్తాండాం, ట్రాక్టరు బయటికి రావల్ల."

"ముట్టొద్దురా," అన్నాడు అరుగు మీంచి పెద్ద రైతు. బాగా ముసలివాడైపోయాడు. గొంతు మాత్రం అదే. "రాయి పెట్టినాడు కదా. ముట్టగూడదు."

"మన తొట్టి నాయనా అది!"

"ఇంట్లో ఉన్నంతసేపే మనది. ఏరు బయట పెట్టింది." ఆయన కళ్ళు చిట్లించి నన్ను చూశాడు. "ఎవురప్పా నువ్వు?"

నేను ముడి వైపు చూపించాను. ఆయన కర్ర ఊతంతో గేటు దాకా వచ్చి, వంగి, పువ్వులాంటి ఆ ముడిని చూశాడు.

"ఓ," అన్నాడు. "ఓడ నాయకా."

"నదిచ్చింది నాది పెద్దాయనా."

"సరే అప్పా. ఆ మాట నేను కాదంటే నా కొట్టంలో ఒక్క మొద్దు మిగలదు. మీ దూలం చిలకలు బాగుండాయా?"

"బాగుండాయి. వాటోళ్ళు వచ్చి రాయి పెడితే ఇస్తామని చెప్తాంది అవ్వ."

"ఉండాదా మీ అవ్వ ఇంకా!" అన్నాడు, సంతోషమో భయమో తెలియకుండా. "సరే, పెనం ఎప్పుడు తీసుకుపోతావు? లారీ ఉండాది కదా, ఇప్పుడే ఎక్కించుకో."

"లారీ ఆఫీసుది పెద్దాయనా. నాకు తీరిక చిక్కినప్పుడు వస్తా."

ఆయన కొడుకు గేటు లోపలి ట్రాక్టరును చూశాడు, గేటు బయటి పెనాన్ని చూశాడు, తండ్రిని చూశాడు. నేను లారీ ఎక్కాను.

ఇంటికి పోయి అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. ఇప్పుడు ఆమె మంచం దిగదు, చెవి సరిగా వినబడదు, అవసరమైంది మాత్రం వినబడుతుంది.

"రాయి పెద్దదేనా?" అంది.

"నా నడుముకు తగ్గది."

"ముడి?"

"అదే ముడి."

ఆమె కాసేపు పైనున్న చిలకల్ని చూసింది. "తొందరపడొద్దు," అంది.

ఆ తర్వాత మూడు నాలుగు సార్లు ఫోను వచ్చింది. మొదట కొడుకు చేశాడు, ఇప్పుడు ముసలాయనే చేస్తున్నాడు. నిన్న కూడా చేశాడు. నేను ఆఫీసులో కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాను.

"ఏమప్పా, ఎప్పుడొస్తావు? ట్రాక్టరు లోపలే ఉండాది. దుక్కి ఆగిపోయింది."

"వస్తాండా పెద్దాయనా," అన్నాను. "దావలోనే ఉండా. ముడి ఊడకుండా చూసుకో."